చిన్నదొరకి పెట్టిన చేతులు

హోర్‌బాఖ్‌లో పీపాలు చేసే మెల్హియోర్ భార్య పేరు అపొలోనియా. ఊళ్ళో అందరికీ ప్లోనీ. ఆమె రొట్టె విరిచి వాసన చూడందే కొనదు. చర్చిలో పాస్టరు ఫలానా చోట ఇలా రాసుంది అంటే, పక్కనున్న చదువొచ్చినవాణ్ణి మోచేత్తో పొడిచి నిజంగానే రాసుందా అని అడుగుతుంది. మొగుడు సంత నుంచి ఆలస్యంగా వస్తే ఎక్కడికెళ్ళావని అడగదు. బూట్లకి అంటిన మట్టి ఏ రంగుదో చూస్తుంది. మెల్హియోర్ ఎప్పుడో అలవాటుపడిపోయాడు. ఇంట్లో అడుగుపెట్టగానే బూట్లు విప్పి ఆమె ముందు పెట్టి, చూసుకోవే తల్లీ అని సూప్ ముందు కూర్చునేవాడు.

ఆమెని తప్పుపట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. యుద్ధంలో పుట్టి యుద్ధంలోనే పెరిగిన మనిషి. తొమ్మిదేళ్ళప్పుడు గుర్రాల మీదొచ్చినవాళ్ళు, మీవాళ్ళమే, తలుపు తియ్యండి అన్నారు. నాన్న తీశాడు. గడప దాటి బయటికెళ్ళిన నాన్న మళ్ళీ లోపలికి రాలేదు. ఆ గుర్రాలవాళ్ళు నిజంగా తమవాళ్ళేనని తర్వాత తెలిసింది. ప్లోనీకి ఆ సంగతి అస్సలు ఆశ్చర్యం కలిగించలేదు.

ఇలాంటి మనిషి చేతిలో ఒక రాజ్యాన్ని పెట్టారు.

పెద్ద రాజ్యమేం కాదు. ఎర్లెన్‌ఫెల్స్ కోట, కోట కింద ఒక పట్నం, పద్నాలుగు పల్లెలు, ఒక ఉప్పుబావి. పొద్దున్నే గుర్రమెక్కితే మధ్యాహ్నం భోజనం పరాయి దేశంలో చెయ్యొచ్చు. అయినా దానికీ ఒక దొర ఉండాలి కదా. దొరసాని కొడుకుని కని మూడో రోజున జ్వరంతో పోయింది. పిల్లాడికి పాలిచ్చే దాది కోసం పద్నాలుగు పల్లెలూ వెతికారు. కోటకి తెచ్చిన ఆరుగురు ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి పాలు బొటనవేలి గోటి మీద చుక్క వేసి చూశారు. నీళ్ళలా జారిపోతే పనికిరాదు, బంకలా అంటుకుపోతే పనికిరాదు. ప్లోనీ పాలచుక్క గోటి మీద కాసేపు ఆగి, మెల్లగా కదిలింది. పరీక్ష చేసింది కెర్న్ దొరసాని. దొరగారింటి ఆడపనంతా ఆవిడ చేతిలో ఉంటుంది. సన్నగా, నిటారుగా, కొవ్వొత్తిలా ఉండే విధవ. తల ఊపి సరే అంది. ప్లోనీ సరే అనలేదు. ఉయ్యాల దగ్గరికెళ్ళి పరుపు ఎత్తి కింద చూసింది, దుప్పటి వాసన చూసింది, కిటికీ గడియ రెండుసార్లు వేసి తీసింది. అప్పుడు కూర్చుని రవిక ముడి విప్పింది.

ఏం వెతుకుతున్నావని కెర్న్ దొరసాని అడిగితే, దొరికాక చెప్తానంది.

ఆ ఇద్దరి మధ్య సంబంధం ఆ రోజు ఎలా మొదలైందో చివరిదాకా అలాగే సాగింది.

పిల్లాడి పేరు యోస్ట్. పదకొండు నెలల వయసులో వాళ్ళ నాన్న గడ్డకట్టిన చెరువు మీద గుర్రాన్ని పరిగెత్తించాడు. మంచు విరిగింది. గుర్రం ఈదుకుంటూ బయటికొచ్చింది. అలా యోస్ట్ ఇంకా నడక రాకుండానే దొర అయిపోయాడు. పాలన చూసుకోవడానికి చిన్నాన్న వోల్‌రాట్ వచ్చాడు. వెంట వేటకుక్కలు ఆరు, పెట్టెలు నాలుగు, సొంత వైద్యుడు ఒకడు, పేరు ట్సోబెల్. పిల్లాడికి ఏమన్నా అయితే ఎర్లెన్‌ఫెల్స్ ఎవరికి పోతుందో పట్నంలో పాలమ్మే పిల్లకి కూడా తెలుసు. వోల్‌రాట్‌కే.

ప్లోనీ ఆ రోజే తేల్చుకుంది. ఇక ఆమెకి సాక్ష్యం అక్కర్లేదు. ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలింది.

అప్పట్నుంచి యోస్ట్ నోట్లోకి వెళ్ళే ప్రతి ముద్దా ముందు ఆమె నోట్లోకి వెళ్ళింది. బార్లీ జావ వంటింట్లోంచి మెట్లెక్కి వచ్చేలోపు ఎన్ని చేతులు మారుతుందో లెక్కవేసి, నాలుగు చేతులని తేలాక, తనే వంటింటికెళ్ళి నిలబడి తెచ్చుకునేది. పాలు మానిన తర్వాత మేకని తెప్పించింది. కోట వెనక కొట్టంలో దాన్ని కట్టేసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం గంట కొట్టాక ఒకసారి తనే వెళ్ళి పితుక్కొచ్చేది. మేకకి వేసే గడ్డిని కూడా చేత్తో విదిల్చి చూసేది. వంటవాడు మేక దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న ఆమెని చూసి, ముందు మేక నాలుకైనా చూశావా ప్లోనీ, అది ఎవరి మనిషో ఏమో అనేవాడు. ప్లోనీ నవ్వేది కాదు. కోటలోకి వెళ్ళే ముందు నిజంగానే మేక నోరు తెరిచి చూసేది.

పిల్లాడు మాత్రం హాయిగా పెరిగాడు. బుగ్గలు ఎర్రగా, కాళ్ళు కొంచెం వంకరగా, నోరు ఎప్పుడూ ఆడుతూ. తను దొరనని వాడికి తెలుసుగానీ, దొర అంటే ఏంటో తెలీదు. ఒకసారి మేకని చూపించి, ఇదీ దొరేనా అని అడిగాడు. ఇది నీ ప్రజ అంది ప్లోనీ. అయితే నాకు మొక్కాలిగా అన్నాడు. మేక తల వంచి గడ్డి తినేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

రెండున్నరేళ్ళప్పుడు ప్రమాణం రోజు వచ్చింది. పట్నం నడిబొడ్డున, నగరసభ మెట్ల మీద పెద్ద కుర్చీ వేసి వాణ్ణి కూర్చోబెట్టారు. కింద పట్నంవాళ్ళు, పల్లెలవాళ్ళు టోపీలు తీసి, కుడిచేతి మూడు వేళ్ళు పైకెత్తి, నీకు విధేయులమై ఉంటామని ఒక్క గొంతుతో అన్నారు. యోస్ట్ కాసేపు చూశాడు. తర్వాత తనూ మూడు వేళ్ళు ఎత్తి, నేనూ ఉంటా అన్నాడు. జనం నవ్వారు. గడ్డాలు నెరిసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

కుర్చీ వెనక నిలబడ్డ వోల్‌రాట్ కూడా నవ్వాడు. ప్లోనీ అతని మొహం చూడలేదు, చెయ్యి చూసింది. ఆ చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది, పిల్లాడి మెడకి జానెడు దూరంలో. గుంపులో రొట్టెలమ్మే బార్బెల్ ఆమె చెవిలో, ఎక్కడ పెట్టాడో చూశావా చెయ్యి అంది. చూశాను, మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను అంది ప్లోనీ. మూడేళ్ళు కాలేదు, ఏడాదిన్నరే అయింది. బార్బెల్ అది సరిదిద్దలేదు. ఆ మాట మర్నాటికి రొట్టెలతో పాటు పట్నమంతా చేరింది.

అతను సొంత బాబాయే కదా అని, పిల్లాడికి కొయ్యగుర్రం చేయించాడని, కుక్కపిల్లనిచ్చాడని, అతను వేటకెళ్ళొస్తే పిల్లాడు మెట్ల మీదే అతని గడ్డం పట్టుకుని వేలాడతాడని ఎవరైనా అంటే, అదేగా మరి, మంచివాడిలా ఉండకుండా ఇలాంటి పని ఎలా చేస్తాడు అనేది ప్లోనీ. వోల్‌రాట్ కసురుకుంటే అది ఒక సాక్ష్యం, ముద్దుచేస్తే ఇంకా పెద్ద సాక్ష్యం.

యోస్ట్‌కి నాలుగేళ్ళు నిండటానికి ఇంకా ఏడు వారాలుందనగా దగ్గు పట్టుకుంది. ఆ చలికాలం అందరికీ వచ్చిందే. కానీ వాడికి తగ్గలేదు. దగ్గి దగ్గి మొహం నల్లబడేది, తిన్నది కక్కేసేవాడు, నిద్ర లేదు. ట్సోబెల్ వచ్చి ఛాతీకి చెవి ఆనించి విని, నల్లటి లేహ్యం ఒక డబ్బాలో తెచ్చాడు. బాదంగింజంత తీసి వెచ్చటి బీరులో కలిపి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇవ్వమన్నాడు.

ప్లోనీ అలవాటు ప్రకారం ముందు తనే నాలిక్కి రాసుకుంది. చేదు. కొంచెం మింగి చూసింది. అరగంటకల్లా కనురెప్పలు బరువెక్కాయి, కాళ్ళు తనవి కానట్టయ్యాయి. ఆమె గోడ పట్టుకుని నిలబడి, వచ్చింది, ఇన్నాళ్ళకి వచ్చింది అనుకుంది. భయం కంటే ముందు ఒకరకమైన తృప్తి కలిగింది. తను పిచ్చిది కాదు. తను కాపలా ఉన్నందుకు ఫలితం ఇదిగో, డబ్బాలో.

ఎవరికి చెప్పాలి? చెప్తే డబ్బా మారుతుంది, మనిషి మారడు. అందుకని చెప్పలేదు. ప్రతిసారీ లేహ్యం బీరులో కలిపినట్టు కలిపి, గదిలో పొయ్యి బూడిదలో ఒంపేది. కానీ పిల్లాడి దగ్గు ఆగాలి కదా. దానికి తన చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసిందే చేసింది. హోర్‌బాఖ్‌లో ప్రతి పెరట్లో గసగసాల మొక్కలుంటాయి. గింజలు కేకులకి, ఎండిన కాయలు పిల్లలకి. కాయల్ని చితక్కొట్టి ఉడికించిన నీళ్ళలో, రొట్టెముక్కా తేనే కట్టిన గుడ్డమూటని ముంచి నోటికిస్తే, ఎంత ఏడ్చే పిల్లయినా చప్పరిస్తూ నిద్రపోతుంది. ప్లోనీ అలాగే పెరిగింది. ఆమె కొడుకూ అలాగే పెరిగాడు. మెల్హియోర్‌కి కబురు పెడితే కాయలు ఒక సంచి తెచ్చిచ్చాడు.

దొరబిడ్డకి మన పెరటి సరుకేంటే అని నసిగాడతను. మన పెరట్లో విషం లేదుగా అంది.

సోమవారం పొద్దున కెర్న్ దొరసాని పొయ్యి దగ్గర వంగినప్పుడు బూడిదలో నల్లటి మరక చూసింది. వేలితో తీసి వాసన చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. ఈ పల్లెటూరి మనిషి బిడ్డకి మందు చేరనివ్వడం లేదు. ఎందుకు? ఎవరో చేయిస్తున్నారు. లేదంటే మంత్రాలు. ఎటూ ఆ సంచిలో ఏవో కాయలు దాచుకోవడం ఆవిడ చూసింది. అడిగితే అబద్ధం చెప్తుంది, వోల్‌రాట్‌తో చెప్తే ప్లోనీని గెంటేస్తాడు, గెంటేస్తే పిల్లాడు అన్నం మానేస్తాడు. అందుకని ఆవిడా ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం గంట కొట్టి ప్లోనీ మేక దగ్గరికి వెళ్ళగానే గదిలోకి వచ్చి, డబ్బా మూత తీసి, పొద్దున ఎగ్గొట్టిన మోతాదు కూడా కలిపి రెట్టింపు లేహ్యం తినిపించి, మూతి తుడిచి వెళ్ళిపోయేది. అరగంట పోయాక ప్లోనీ పాలతో వచ్చి, పాలు తాగించి, గసగసాల మూట నోట్లో పెట్టేది.

దగ్గు తగ్గింది. మంగళవారానికి సగమైంది, బుధవారానికి ఇంకా తగ్గింది. గురువారం పిల్లాడు మధ్యాహ్నం నుంచి కదలకుండా పడుకున్నాడు. మంచానికి ఒక వైపు ప్లోనీ, ఇంకో వైపు కెర్న్ దొరసాని. పడుకోనీ, ఇన్నాళ్ళ నిద్ర బాకీ ఉంది వాడికి అంది దొరసాని. అవును అంది ప్లోనీ. నాలుగేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. ఎవరి మందు పనిచేసిందో ఎవరికి వాళ్ళకి తెలుసు.

శుక్రవారం పొద్దున లేపితే యోస్ట్ లేవలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. మూట ఇంకా చెంప కింద ఉంది. ప్లోనీ దాన్ని తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. దాచాలని కాదు, తన వస్తువు కాబట్టి.

ఆమె ఏడవలేదు. కోట దిగి, ఆప్రాన్‌తోనే, తలకి గుడ్డ కూడా లేకుండా పట్నంలోకి నడిచింది. బార్బెల్ కొట్టు ముందు పొద్దుటి రొట్టెల కోసం ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"చిన్నదొర పోయాడు. చంపేశారు. వాళ్ళ చిన్నాన్న వైద్యుడి డబ్బా నేను నాలికతో చూశాను, నిలబడలేకపోయాను. ఒక్క చుక్క కూడా వాడి నోట్లోకి పోనివ్వలేదు. అయినా ఎలాగో పోయించాడు. శవం మీద చెయ్యి వేయించండి. రక్తమే చెప్తుంది."

ఇది ఎర్లెన్‌ఫెల్స్‌లో కొత్త మాట కాదు. చంపినవాడు ముట్టుకుంటే శవం రక్తం కారుస్తుందని అక్కడ అందరికీ తెలుసు. తాతల కాలంలో ఒక మిల్లువాడు అలాగే దొరికిపోయాడు. పాస్టరు అది క్రైస్తవుల పద్ధతి కాదని, దేవుణ్ణి సాక్ష్యానికి పిలిచే అధికారం మనకి లేదని గొణిగాడు. నగరపెద్ద ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, బయట ఎంతమంది ఉన్నారో కిటికీలోంచి చూపించాడు. మధ్యాహ్నానికి మూడొందల మంది కోట గేటు దగ్గరున్నారు. వోల్‌రాట్ బయటికొచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏడ్చాడని కొందరన్నారు, తాగాడని కొందరన్నారు. ఏం కావాలో విన్నాడు.

"వేస్తాను చెయ్యి. కానీ నేనొక్కణ్ణే కాదు. వాడికి తన చేత్తో ఏదైనా పెట్టిన ప్రతివాళ్ళూ వెయ్యాలి. ఆ దాదితో సహా."

అందరికంటే ముందు సరే అన్నది ప్లోనీ.

ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చిలో బల్ల మీద యోస్ట్‌ని పడుకోబెట్టారు. తెల్ల చొక్కా, తల మీద చిన్న కిరీటంలా రోజ్‌మరీ ఆకుల దండ. పద్ధతి ఏంటంటే, వచ్చినవాళ్ళు ఈ బిడ్డకి చివరిగా తమ చేత్తో ఏం పెట్టారో గట్టిగా చెప్పాలి. తర్వాత రెండు వేళ్ళు నోటి మీదా, బొడ్డు మీదా పెట్టి, నా తప్పుంటే నీ రక్తం చెప్పాలి అనాలి. నగరపెద్ద దీపం పట్టుకుని మొహం దగ్గర నిలబడ్డాడు. జనం బెంచీల మీదెక్కారు.

ముందు వోల్‌రాట్. పోయిన వారం తేనెలో ఊరిన బేరీపండు ఒకటి పెట్టానన్నాడు. ప్లోనీ శవం ముక్కు వైపే చూస్తోంది, కన్నార్పకుండా. ఏమీ లేదు. నగరపెద్ద దీపం దగ్గరికి తెచ్చి మళ్ళీ చూశాడు. ఏమీ లేదు. జనంలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అది ఊరట కాదు. వంటవాడు జావ అన్నాడు, వేళ్ళు పెట్టాడు, ఏమీ లేదు. ట్సోబెల్ తన చేత్తో ఏమీ పెట్టలేదని, డబ్బా మాత్రం ఇచ్చానని అన్నాడు. అయినా వేళ్ళు పెట్టాడు, ఏమీ లేదు.

కెర్న్ దొరసాని వంతు వచ్చింది. ఆవిడ నిటారుగా నడిచొచ్చి, బల్ల దగ్గర ఒక్కసారి వంగిపోయింది.

"లేహ్యం పెట్టాను. ఈ మనిషి దాన్ని బూడిదలో పారబోస్తోందని తెలుసుకున్నాను. సోమవారం నుంచి గురువారం దాకా, రోజూ మధ్యాహ్నం ఈవిడ మేక దగ్గరికెళ్ళినప్పుడు వచ్చి నా చేత్తో తినిపించాను. రెండు పూటలదీ ఒకేసారి. అందుకే దగ్గు తగ్గింది. నాలుగు రోజులు బతికించాను వాణ్ణి."

వేళ్ళు పెట్టింది. ఏమీ లేదు.

గుంపులో గోల. అదిగో, విషం లోపలికెలా పోయిందో తెలిసింది అని ఎవరో అరిచారు. నగరపెద్ద ట్సోబెల్ వైపు తిరిగి ఆ డబ్బాలో ఏముందో చెప్పమన్నాడు. ట్సోబెల్‌కి కోపం వచ్చింది. యాభై ఏడు సరుకులు, వెనిస్‌లో చేసింది, చక్రవర్తిగారి పిల్లలు తినేది అని మొదలుపెట్టాడు. దాల్చినచెక్క, కుంకుమపువ్వు, పాముమాంసం, తేనె. వీటన్నిట్లోనూ దగ్గుని పట్టి ఆపేది మాత్రం ఒక్కటే, గసగసాల పాలు, గట్టిపడ్డాక నల్లమందు అంటారు అన్నాడు. కొలతతో ఇస్తే అమృతమే, ఎవరైనా ఇంకో చోట నుంచి కూడా ఇస్తే తప్ప అన్నాడు.

ప్లోనీ కాళ్ళు మళ్ళీ తనవి కానట్టయ్యాయి. ఈసారి ఆమె నాలిక మీద ఏమీ లేదు.

పేరు పిలిచారు. ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. చివరిగా నీ చేత్తో ఏం పెట్టావు అని నగరపెద్ద అడిగాడు. ప్లోనీ పాలు అంది. మేకపాలు. ఇంకేమీ అనలేదు. చెయ్యి చాపింది. యోస్ట్ మూతి మీదకి రెండు వేళ్ళూ వచ్చాయి, తాకడానికి వెంట్రుకవాసి ఉందనగా ఆగాయి. రక్తం వస్తుంది. ఆమెకి ఆ సంగతి ఎంత గట్టిగా తెలుసంటే, వాడి ముక్కు అంచున ఎర్రగా కనపడింది కూడా. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెయ్యను" అంది.

చర్చి పైకప్పు ఊడిపడ్డంత గోల లేచింది. వోల్‌రాటే ఆమె భుజం పట్టి పాస్టరు వస్త్రాలుంచే గదిలోకి లాగి తలుపు వేశాడు. లేకపోతే బయట ముక్కలు చేసేవాళ్ళు. ఆమెనో అతన్నో మాత్రం చెప్పలేం.

ఆ గదిలో ఆమె అంతా చెప్పింది. కాయలు, నీళ్ళు, తేనెమూట, బూడిద. ఆప్రాన్ జేబులోంచి ఎండిపోయిన మూట తీసి అతని ముందు పెట్టింది. వోల్‌రాట్ దాన్ని వేళ్ళతో తిప్పి చూశాడు.

"ఒకే గదిలో ఉన్నారుగదే ఇద్దరూ" అన్నాడు. "ఒక్క మాట అడిగి ఉంటే."

"ఆవిడ మీ మనిషనుకున్నాను దొరవారూ."

"ఆవిడ నిన్ను ఎవరి మనిషనుకుందో దేవుడికే తెలియాలి. నేను మూడేళ్ళుగా వాడి నోటికి ఏమిచ్చినా నువ్వు ముందు కొరికావు. నేనే అనుకున్నావా, మొదట్నుంచీ?"

"అనుకోవడం కాదు. తెలుసనుకున్నాను."

అతను కుర్చీలో కూలబడ్డాడు. గడ్డంలో వేళ్ళు పెట్టుకున్నాడు, పిల్లాడు వేలాడేది ఆ గడ్డానికే.

"ఇప్పుడే బయటికెళ్ళి చెప్తాను" అంది ప్లోనీ. "నేనే చేశానని. తెలియక చేశానని. తర్వాత ఉరి తీస్తే తియ్యండి. కెర్న్ దొరసానికి మాత్రం గసగసాల సంగతి చెప్పకండి. ఆవిడ ఇచ్చింది మందే."

"చెప్పి చూడు. ఏమంటారో నేను చెప్తాను విను. ఈ గదిలో నీ గోళ్ళు పీకి చెప్పించానంటారు. నువ్వు చేతులెత్తి గోళ్ళు చూపిస్తే, కొన్నానంటారు. విచారణ పెట్టి ఉరి తీస్తే, నోరు మూయించానంటారు. వదిలేస్తే, అదిగో, ఇద్దరూ కలిసే చేశారంటారు. ఈ పట్నానికి నువ్వే కదా ఇదంతా నేర్పావు. బాగా నేర్చుకున్నారు."

ప్లోనీ తన జీవితంలో ఎదుటివాడు చెప్పిన మాటని వాసన చూడకుండా నమ్మిన మొదటిసారి అదే.

అతను ఆమెని పక్కగుమ్మంలోంచి, ఇద్దరు గుర్రపువాళ్ళ కాపలాతో హోర్‌బాఖ్ పంపించేశాడు. విచారణ పెట్టలేదు. యోస్ట్‌ని వాళ్ళ అమ్మానాన్నల పక్కన పాతిపెట్టారు. వోల్‌రాట్ దొర అయ్యాడు. ప్రమాణం రోజున జనం మూడు వేళ్ళు ఎత్తారు గానీ, చాలామంది ఎడమచేతిని వీపు వెనక దాచుకున్నారు. వెనక వేళ్ళు ముడిస్తే ప్రమాణం చెల్లదని అక్కడి నమ్మకం, ఏ వేళ్ళు ముడిచారో ఎవరూ అడగలేదు.

వారం తిరక్కముందే ప్లోనీని కొత్త దొర అడవిలో చంపించాడని పట్నంలో పుకారు లేచింది. తొందరపడి నోరు మూయించాడన్నారు. చర్చిలో ఆవిడ చెయ్యి వెయ్యకపోవడానికి కారణం కూడా దొరికింది. వెనకనుంచి కత్తి మొన ఆనించి ఉంచారట. చూసినవాళ్ళు ముగ్గురు తేలారు. నగరపెద్ద కోటకెళ్ళి, దొరవారూ, పన్నులు వసూలుకి మనుషుల్ని పంపితే రాళ్ళు పడుతున్నాయి, ఆవిడ బతికే ఉందని ఎలాగోలా చూపించండి అని బతిమాలాడు. చివరికి ఒక పద్ధతి పెట్టారు. ఏటా నవంబరులో మార్టిన్ పండగ సంత రోజున, బాతులమ్మేవాళ్ళు గుంపుగా వచ్చే వేళకి, ప్లోనీ వచ్చి నగరసభ మెట్ల మీద గంటసేపు నిలబడాలి. జనం చూసుకోవాలి.

మొదటి ఏడాది మెల్హియోర్ బండి మీద తీసుకొచ్చాడు. పట్నం గేటు దగ్గర, ఏమే, ఎవరేమన్నా నువ్వు నోరెత్తకు, గంటేగా అన్నాడు. ప్లోనీ సరే అనలేదు. ఆ తొమ్మిది నెలల్లో ఆమె జుట్టు మొత్తం తెల్లబడింది. బుగ్గలు లోపలికెళ్ళాయి. మెట్ల మీద నిలబడితే గాలికి పావడా కాళ్ళకి చుట్టుకుంది.

జనం చేరారు. తర్వాత బార్బెల్ గంప కింద పెట్టి, నాలుగు మెట్లెక్కి, ప్లోనీ మొహంలో మొహం పెట్టి చూసింది. చుట్టూ తిరిగి చూసింది. చెయ్యి పట్టుకుని తిప్పి అరచెయ్యి చూసింది.

"ఎత్తు సరిపోయింది" అంది జనం వైపు తిరిగి. "ముక్కు కూడా దగ్గరదగ్గరగానే ఉంది. ఎక్కడ వెతికి పట్టుకొచ్చాడోగానీ. మా ప్లోనీకి ముప్ఫై రెండేళ్ళు. ఈవిడకి యాభై ఉంటాయి."

"నేనే బార్బెల్."

"గొంతు కూడా నేర్పించారు. పాపం, ఎంతిస్తానన్నాడమ్మా?"

మెల్హియోర్ బండి దగ్గర్నుంచి, నా పెళ్ళాన్ని నేనెరగనా అని అరిచాడు. నీకెంతిచ్చాడయ్యా అని ఎవరో అడిగారు. జనం నవ్వారు.

"సరే, ఒకటి అడుగుతాను" అంది బార్బెల్. "ప్లోనీవే అయితే చెప్పు. చిన్నదొరని చంపిందెవరు?"

ప్లోనీ ఆ గుంపునంతా చూసింది. మూడేళ్ళపాటు రొట్టెల కొట్టు ముందు తను చెప్పినదాన్ని తలలూపుతూ విన్న మొహాలే అన్నీ.

"నేను" అంది. "గసగసాల నీళ్ళు పట్టాను. అక్కడ లేహ్యం కూడా పడుతోందని నాకు తెలీదు. రెండూ ఒకటే. రెండూ కలిసి వాడి ఊపిరి ఆపేశాయి. వోల్‌రాట్ దొర ఏమీ చెయ్యలేదు. ఆయన వాణ్ణి..."

మిగతా మాట ఎవరికీ వినపడలేదు. బార్బెల్ మెట్లు దిగి గంప ఎత్తుకుంటూ, తేలిపోయింది అన్నట్టు చేతులు దులుపుకుంది.

"విన్నారుగా. మా ప్లోనీ అయితే చచ్చినా ఈ మాట అనదు."